తాతకు తాతను వెదకాలంటే ముందు జిల్లా పేరు మార్చి అడగండి

మీ తాతకు తాత 1870ల్లో చంద్రగిరి దగ్గర ఉండేవాడు, పేరు తప్ప ఇంకేం తెలీదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మాదీ ఆ పక్క ఊరే. నేనూ ఇదే పని మీద రెండేళ్ళు తిరిగాను కాబట్టి నేను చేసిన తప్పు మీరు చేయకండి.

నేను పోయిన చోటల్లా ‘చిత్తూరు జిల్లా పాత రికార్డులు’ అని అడిగాను. ఒక ఆఫీసులో అయితే చెదలు తినేశాయని తల కూడా ఎత్తకుండా చెప్పేశారు. చివరికి మా ఊరి పాత కరణం గారి కొడుకు నవ్వి, "అప్పుడు చిత్తూరు జిల్లా యాడుంది నాయనా" అన్నాడు. నిజమే, చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకు ముందు చంద్రగిరి, తిరుపతి, పలమనేరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి; మదనపల్లె, వాయల్పాడు వైపైతే కడప జిల్లాలో. తమాషా ఏంటంటే ఆ ఉత్తర ఆర్కాటుకు హెడ్‌క్వార్టర్స్ మన చిత్తూరే.

జనాభా లెక్కల్లో పేర్లు దొరుకుతాయని ఆశ పడకండి, టైం వేస్ట్. మనిషిని వదిలేసి భూమిని వెదకండి.

మీ ఇంట్లో మాన్యం అనే మాట, అంటే పూజకో ఊరి పనికో పన్ను లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి, ఎప్పుడైనా విన్నారా? మా వాళ్ళు ఊరి గంగమ్మకు పూజారులు, ఆ పూజ కింద కాస్త మాన్యం ఉండేది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ (మాన్యాన్నే సర్కారు ఇనాం అనేది) వేసి, ఎవరు ఏ హక్కుతో మాన్యం అనుభవిస్తున్నారో ఊరూరా రాయించింది. ఆ రాతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. అనుభవిస్తున్న మనిషి పేరు, వయసు, ఊరు, మొదట మాన్యం పొందినవాడికి ఇతను ఏమవుతాడు, అన్నీ గడులు గీసి ఉంటాయి. పాత ప్రభుత్వ రికార్డులు దాచే స్టేట్ ఆర్కైవ్స్‌లో అడగాలి. ఊరు, అప్పటి తాలూకా, మాన్యానికి కమిషన్ ఇచ్చిన హక్కుపత్రం (టైటిల్ డీడ్) నంబరు చేతిలో ఉంటే పని తొందరగా అవుతుంది. మాకు ఆ నంబరు పెదనాన్న ట్రంకుపెట్టెలో, పాత భాగపరిష్కారం కాగితం మీద దొరికింది. రాసింది ఇంగ్లీషులో, మన పేర్లు దొర చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా ఉంటాయి, కళ్ళతో చదివితే అర్థం కాదు, పైకి చదవాలి.

మాన్యం లేకపోతే పాత క్రయ దస్తావేజులు చూడండి, మీవే కాదు, పక్క పొలం వాళ్ళవి కూడా. చెక్కుబందిలో, అంటే పొలం హద్దులు చెప్పే చోట, ‘తూర్పు: ఫలానా వాడి కొడుకు ఫలానా వాడి చేను’ అని రాస్తారు కదా, మా తాతకు తాత తండ్రి పేరు నాకు దొరికింది పక్కింటోళ్ళ దస్తావేజు చెక్కుబందిలోనే! గొలుసుకట్టు రాత, కరణం గారి కొడుకు వేలు పెట్టి చదివితే గానీ తెలియలేదు. 1984లో కరణాలను తీసేసేదాకా ఊరి లెక్కలు వాళ్ళ చేతిలోనే ఉండేవి, కాబట్టి ఆ ఇళ్ళ తలుపు ముందు తట్టండి. ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) అని ఉంటే 590 కలుపుకోండి, 1271 అంటే 1861-62 అన్నమాట. తండ్రి పేరు లేకుండా మాత్రం ఏదీ నమ్మొద్దు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల మా ఊర్లో ఒకే కాలంలో నలుగురు మునెప్పలు తేలారు, ఆరు నెలలు వేరే మునెప్ప వెంట తిరిగాను.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పే కథ, 1876లో వచ్చిన ధాత కరువులో మైసూరు సీమ నుంచి నెత్తిన మూటతో వచ్చామని. రిజిస్టరులో చూస్తే కరువుకు పద్నాలుగేళ్ళ ముందే మా తాతకు తాత ఇక్కడ ఉన్నాడు, వయసు 40, మాన్యం తండ్రి నుంచి వచ్చిందని కూడా ఉంది. ఆ నకలు తెచ్చి మా మేనత్తకు చదివి వినిపించాను. అంతా విని, ఆకు మడుచుకుంటూ, "దొరకు మన లెక్క ఏం తెలుసురా, తప్పు రాసుంటాడు" అంది. పోయిన నెల పెళ్ళిలో కూడా మైసూరు కథే చెప్పింది.