అమెరికా అంతర్యుద్ధంలో ఓడిపోయిన కాన్ఫెడరేట్ (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) సైన్యంలోని అధికారి తర్వాత బ్యాంకు ఎలా పెట్టగలిగాడు?

టెక్సస్‌కు చెందిన మేజర్ జార్జ్ లిటిల్‌ఫీల్డ్ విషయంలో ఆ డబ్బు ప్రధానంగా పశువుల వ్యాపారం నుంచి వచ్చింది, యుద్ధం నుంచి కాదు.

యుద్ధం ముగిసిన 1865 నాటికి దక్షిణాదిలో నగదు కరువైంది, టెక్సస్‌లో మాత్రం పశువులు కొల్లలు. అక్కడ కొద్ది డాలర్లకే దొరికే పశువుకు ఉత్తరాది మార్కెట్లో ఎన్నో రెట్లు ధర పలికేది. మందలను కాన్సస్ రైలు స్టేషన్ల దాకా తోలుకెళ్లగలిగితే చాలు.

లిటిల్‌ఫీల్డ్ టెక్సస్ అశ్వికదళంలో పోరాడి, 1863 చివర్లో టెనెసీలో తీవ్రంగా గాయపడి ఇంటికి చేరాడు. పంటలు దెబ్బతిని అప్పులు పెరగడంతో 1871లో ఒక మందను కాన్సస్‌లోని అబిలీన్‌కు తోలించాడు. ఆ దారిలోనే ఎదిగి, 1881లో తన ఎల్‌ఐటీ రాంచ్‌ను (పశువుల క్షేత్రాన్ని) సుమారు 2.5 లక్షల డాలర్లకు అమ్మాడు. 1890లో ఆస్టిన్‌లో అమెరికన్ నేషనల్ బ్యాంక్ స్థాపించాడు. 1920లో చనిపోయేలోపు టెక్సస్ విశ్వవిద్యాలయానికి భారీగా విరాళాలిచ్చాడు.

ఇలాంటివాళ్లు కాన్ఫెడరేట్ డబ్బు దాచుకుని ధనవంతులయ్యారని చాలామంది అనుకుంటారు. కానీ ఓటమితో ఆ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. కాన్ఫెడరేట్ ప్రభుత్వ అప్పులు ఎవరూ తీర్చకూడదని 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ తేల్చేసింది. అలాగని లిటిల్‌ఫీల్డ్ శూన్యం నుంచి పైకొచ్చాడనడమూ సరికాదు. బానిసల చాకిరీతో నడిచిన కుటుంబ తోటల భూమి అతని చేతిలో ఉంది, విముక్తి పొందిన ఆ బానిసలకు మాత్రం ఆ భూమిలో వాటా దక్కలేదు.