‘యాజ్ ఈజ్’ అని సంతకం పెట్టాను, నకిలీ ‘జడ్జ్’ కారు నా నెత్తినేనా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. 8 నెలల క్రితం శాన్ ఆంటోనియోలో ఒకాయన దగ్గర 1969 పాంటియాక్ జీటీఓ ‘జడ్జ్’ అనే పాత కారును 92 వేల డాలర్లకు కొన్నాను. ‘ఒరిజినల్ జడ్జ్, నంబర్స్ మ్యాచింగ్, పూర్తిగా రిస్టోర్ చేసింది’ అని ప్రకటనలోనూ, నాకు పంపిన మెసేజ్‌లలోనూ రాశాడు. ‘నంబర్స్ మ్యాచింగ్’ అంటే ఫ్యాక్టరీలో బిగించిన అసలు ఇంజినే ఇంకా ఉందని. గత నెల కంపెనీ రికార్డు తెప్పిస్తే అది మామూలు జీటీఓ అని తేలింది. ఇంజిన్ మీద నంబరు ఉన్నచోట గ్రైండర్ గీతలున్నాయని మెకానిక్ అంటున్నాడు. బిల్ ఆఫ్ సేల్‌లో (అమ్మకం పత్రంలో) ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని ఉంది, కింద నా సంతకం ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. నాకు దారి ఉందా? లేకపోతే నేనూ ఇలాగే ఇంకొకరికి అమ్మేయనా?

జవాబు: ముందు మీ ఆఖరి మాటకు జవాబు చెబుతాను. అమ్మకండి. నిజం తెలిశాక కూడా ‘జడ్జ్’ అని చెప్పి అమ్మితే, నిన్నటిదాకా మోసపోయిన మీరే రేపు మోసం చేసినవారవుతారు. మీరు వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉంటే, మోసం కేసులో శిక్ష పడితే ఇమిగ్రేషన్ పరంగా చాలా పెద్ద దెబ్బ. 92 వేల డాలర్ల కోసం కుటుంబాన్ని ఆ ప్రమాదంలోకి నెట్టకండి.

ఇక కారు సంగతి. 1969 జీటీఓ వీఐఎన్ (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు నంబరు) 242తో మొదలవుతుంది. అది జీటీఓ అని మాత్రమే చెబుతుంది, ‘జడ్జ్’ అవునో కాదో చెప్పదు. ఎందుకంటే ‘జడ్జ్’ అనేది జీటీఓ మీద అదనంగా ఇచ్చిన ప్యాకేజీ. ఆ ఏడాది తయారైనవి 6,833 మాత్రమే. అందుకే స్టిక్కర్లు, వెనక వింగ్ తగిలించి మామూలు జీటీఓను ‘జడ్జ్’గా చూపించడం సులువు. అసలు సాక్ష్యం పాత పాంటియాక్ కార్ల రికార్డులు ఇచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ పంపే ఫ్యాక్టరీ ఇన్వాయిస్ కాపీ. మీరు తెప్పించింది అదే అయితే మీ చేతిలో గట్టి కాగితం ఉన్నట్టే.

‘యాజ్ ఈజ్’ అన్న రెండు మాటలు చూసి చాలామంది ఆశ వదిలేసుకుంటారు. అది తొందరపాటు. ఈ విషయంలో టెక్సస్ సుప్రీంకోర్టు 1995లో ప్రుడెన్షియల్, జెఫర్సన్ అసోసియేట్స్ కేసులో తీర్పు ఇచ్చింది. ‘యాజ్ ఈజ్’ అని కొన్న ఆఫీసు భవనంలో తర్వాత ఆస్‌బెస్టాస్ బయటపడింది. కొన్నవాళ్లు ఓడిపోయారు. కానీ అదే తీర్పులో, అమ్మినవాడు అబద్ధం చెప్పో, తెలిసి దాచిపెట్టో ఒప్పిస్తే ఆ షరతు అతన్ని కాపాడదని కోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ కేసు చాలావరకు ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఆయనకు తెలుసా?

కేసు వేస్తే ఆయన కొన్నప్పటి బిల్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, రిస్టోర్ చేసిన షాపు రసీదులు అడిగి తెప్పించుకోవచ్చు. వాటిలో ఎక్కడైనా ‘క్లోన్’ (‘జడ్జ్’లా కనిపించేలా మార్చిన కారు) అని గానీ, మామూలు జీటీఓ ధర గానీ కనిపిస్తే ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. ఆయన కూడా పాత యజమాని చేతిలో మోసపోయి ఉంటే మోసం నిరూపించడం కష్టం. అప్పుడు వారంటీ మార్గం చూడాలి. ‘చాలా అందమైన కారు’ అనడం పొగడ్త. ‘నంబర్స్ మ్యాచింగ్’ అనడం వాస్తవం చెప్పడం. గ్యారంటీ అనే మాట వాడకపోయినా ఆ మాట వారంటీ అవుతుంది, ‘యాజ్ ఈజ్’ దాన్ని మామూలుగా తుడిచేయలేదు. ఒక చిక్కు ఉంది. ‘ఇందులో రాసింది తప్ప వేరే మాటలేవీ చెల్లవు’ అనే వాక్యం బిల్ ఆఫ్ సేల్‌లో ఉంటే ఈ వాదన బాగా బలహీనపడుతుంది. వెనక పేజీ కూడా చదవండి.

టెక్సస్ వినియోగదారుల చట్టం డీటీపీఏ మీకు ఇంకో ఆయుధం. షోరూమ్ కాదు, మామూలు వ్యక్తి అమ్మాడు కదా అని సందేహం వద్దు. 1980లో ఒక వ్యక్తి తన పడవ అమ్మిన కేసులోనూ ఈ చట్టం వర్తిస్తుందని టెక్సస్ సుప్రీంకోర్టే చెప్పింది. గెలిస్తే లాయర్ ఫీజు అవతలివారే ఇవ్వాలి, తెలిసే చేశాడని తేలితే నష్టానికి మూడింతల వరకు రావచ్చు. గడువు రెండేళ్లు. కేసుకు 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వారంటీ కోసం కూడా తెలిసిన వెంటనే చెప్పడం తప్పనిసరి, ఆలస్యం చేస్తే ఆ హక్కే పోతుంది. ఒకే లేఖలో రెండూ రాసి, ఈ వారమే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపించండి. ఫోన్లో గొడవ పడకండి.

ఈలోగా ఇంజిన్ మార్చకండి, ఆ గీతల మీద రంగు వేయించకండి. కారు మారిపోతే దాన్ని తిప్పి ఇచ్చి డబ్బు అడిగే హక్కు కోల్పోవచ్చు. తిప్పి ఇవ్వడం కుదరకపోతే నష్టపరిహారం అడగవచ్చు. నిజమైన ‘జడ్జ్’ 92 వేలు, మీ దగ్గరున్నది 50 వేలు అనుకుంటే, అడగాల్సింది 42 వేలు. ఆ ధరల కోసం పాంటియాక్ కార్లు తెలిసిన అప్రైజర్ (విలువ కట్టే నిపుణుడు) చేత రిపోర్టు రాయించండి.

డ్యాష్‌బోర్డు మీద వీఐఎన్ ప్లేటును కూడా చూడండి. దాని రివెట్లు పువ్వు రేకుల ఆకారంలో ఉండాలి. మామూలు గుండ్రటి రివెట్లు కనిపిస్తే ప్లేటును ముట్టుకోకుండా వెంటనే లాయర్‌ను కలవండి. ఆ నంబరును తెలిసి మార్చడం ఫెడరల్ నేరం, 5 ఏళ్ల వరకు జైలు; అలాంటి కారును ప్రభుత్వం స్వాధీనం చేసుకోగలదు.

ప్రకటన తొలగించేలోపు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ‘జడ్జ్’ అని చెప్పి 92 వేలకు ఇన్సూరెన్స్ చేయించి ఉంటే ఏజెంట్‌కు నిజం చెప్పి విలువ సరిచేయించండి. లేకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర కూడా ఇదే తగాదా వస్తుంది.