రివ్యూలో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని రాశారు, ఏం చేయాలి?

ప్రశ్న: బీటెక్ పూర్తిచేసి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరాను. ఎనిమిది నెలలైంది. పని బాగానే చేస్తున్నానని మేనేజర్ అంటారు. కానీ మొన్నటి రివ్యూలో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని రాశారు. నా ఇంగ్లిష్ అంతంతమాత్రమే, మీటింగ్‌లో నోరు విప్పాలంటే టెన్షన్. ఒకసారి పని మూడు రోజులు ఆగిపోయినా ఎవరికీ చెప్పలేకపోయాను. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరమంటారా?

జవాబు: చేరితే నష్టమేమీ లేదు. అయితే కోర్సు చేసినంత మాత్రాన వచ్చే రివ్యూలో ఆ మాట ఉండదని నేను అనుకోను. మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన ఆ మూడు రోజుల సంగతే నాకు అసలు విషయంగా కనిపిస్తోంది. పని ఆగిపోవడం ఎవరికైనా జరిగేదే. మొదటిరోజు సాయంత్రమే తెలిసి ఉంటే మీ మేనేజర్ ఇంకొకరిని సాయం పెట్టేవారు, లేదా గడువు జరపమని పైవాళ్లను అడిగేవారు. మూడు రోజులు గడిచాక ఆయన చేతిలో ఏముంటుంది? ఈలోగా ‘పని నడుస్తోంది’ అని ఎవరికో మాట కూడా ఇచ్చి ఉంటారు.

కొత్తగా చేరినవాళ్లు నోరు మెదపకపోవడానికి కారణం చాలాసార్లు భాష కాదు, భయం. అడిగితే చేతకానివాడు అనుకుంటారేమోనని. అందుకే ముందే ఒక హద్దు పెట్టుకోండి: పూట గడిచినా పని ముందుకు కదలకపోతే చెప్పేయాలి, అంతే. ఎలా చెప్పాలన్నది తర్వాతి సంగతి. ‘చిన్న సమస్య వచ్చింది, చూస్తున్నాను’ అని పంపితే చదివినవాళ్లకు ఏమీ తెలియదు. దాని బదులు ఇలా రాయండి: ‘లాగిన్ పేజీ పని ఉదయం నుంచి ఆగింది. టెస్ట్ డేటాబేస్‌కు నాకు పర్మిషన్ లేదు. 11 గంటలకు రిక్వెస్ట్ పెట్టాను, ఇంకా రాలేదు. ఈ రోజు రాకపోతే గురువారం ఇవ్వాల్సింది శుక్రవారం అవుతుంది. మీరు ఆ టీమ్‌తో ఒక మాట చెప్పగలరా?’ ఇందులో గొప్ప ఇంగ్లిష్ అవసరమైన వాక్యం ఒక్కటీ లేదు. ఆసుపత్రుల్లో నర్సులు డాక్టరుకు రోగి సంగతి చెప్పడానికి ‘ఎస్‌బార్’ అనే పద్ధతి వాడతారు. ఇప్పుడున్న పరిస్థితి, దాని వెనక జరిగింది, తన అంచనా, ఇప్పుడేం చేయాలి: ఈ వరసలోనే చెబుతారు. అమెరికా నౌకాదళం నుంచి వచ్చిన పద్ధతి ఇది. చివరిదాన్ని, అంటే అవతలివాళ్లు ఏం చేయాలన్నదాన్ని, మనవాళ్లు ఎక్కువగా మింగేస్తారు. ఇబ్బంది చెప్పి ఊరుకుంటే అది ఫిర్యాదులా వినిపిస్తుంది.

చెప్పడం ఎంత ముఖ్యమో, విన్నది సరిగ్గా విన్నామో లేదో చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు ఉంది, ఇంకా కారణాలున్నాయి. కానీ వాటిలో ఒకటి మాటల గందరగోళం. టేకాఫ్‌కు అనుమతి రాకుండానే ఒక కెప్టెన్ విమానాన్ని పరుగెత్తించాడు. ‘టేకాఫ్ దగ్గరున్నాం’ అన్న అర్థం వచ్చే మాట అటునుంచి వస్తే, విమానాలకు అనుమతులిచ్చే కంట్రోలర్ ముందుగా ‘ఓకే’ అన్నాడు. ఆగమని ఆ వెంటనే చెప్పింది రేడియోలో సరిగా వినపడలేదు. ఆ తర్వాత ‘టేకాఫ్’ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని నిబంధనలు బిగించారు. ముఖ్యమైన ఆదేశాన్ని పైలట్ ‘సరే’ అని ఊరుకోకుండా తిరిగి వినిపించాలి.

మీ ఆఫీసులో ప్రాణాలు పోవు కానీ, ‘సరే సార్’ అని వచ్చేసి వారం పాటు వేరే పని చేసినవాళ్లు నా దగ్గరకు తరచూ వస్తుంటారు. మేనేజర్ నోటిమాటగా పని చెప్పాక ఒక మెసేజ్ పెట్టండి: ‘నాకు అర్థమైంది ఇది. రిపోర్టులో గత నెల లెక్కలు మాత్రమే, శుక్రవారం మధ్యాహ్నంలోగా, క్లయింట్‌కు పంపే ముందు మీకు చూపించాలి. కరెక్టేనా?’ ఏదైనా తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

మీటింగ్ టెన్షన్ సంగతి. ముందురోజే రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని, వీలైతే మొదట్లోనే చెప్పేయండి. ఆలస్యం చేసేకొద్దీ గుండెదడ పెరుగుతుంది. వేదికల మీద కొందరు ట్రైనర్లు ‘మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా గొంతు, హావభావాలే’ అని చెబుతుంటారు, పట్టించుకోకండి. ఆ లెక్క మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. అవి ఇష్టాయిష్టాలను మనిషి ఎలా వ్యక్తం చేస్తాడన్న దాని గురించి. ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి ఆ లెక్క వర్తించదు.

ఇంకొక చిన్న విషయం: తొందరైతే ఫోన్ చేయండి, తర్వాత ఆధారం కావాల్సినదైతే మెయిల్ రాయండి, ఎవరితోనైనా అభిప్రాయభేదం ఉంటే గ్రూపులో కాకుండా విడిగా మాట్లాడండి.

కోర్సుకు డబ్బు కట్టేముందు మాత్రం మేనేజర్ దగ్గర పది నిమిషాలు అడిగి తీసుకోండి. ‘కమ్యూనికేషన్ అన్నారు కదా, ఏ సందర్భంలో ఇబ్బంది అనిపించిందో ఒకటి రెండు చెబితే సరిదిద్దుకుంటాను’ అనండి. క్లయింట్ కాల్స్‌లో మీ మాట అర్థం కావడం లేదంటే కోర్సులో చేరండి. ఆ మూడు రోజుల సంగతే ఎత్తితే, కోర్సు కొన్నాళ్లు ఆగవచ్చు.