సంవత్సరం లేని పల్చటి వెండి నాణెం, వెనక సిలువ, పన్నెండు చుక్కలు: ఇది ఏ ఇంగ్లండ్ రాజుది?

ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో కార్ బూట్ సేల్‌లో, అంటే జనం కారు డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే సంతలో, కొన్నానన్నారు, 18 మిల్లీమీటర్లు, కాగితంలా పల్చగా ఉంది, సంవత్సరం లేదు, ముఖం చూస్తే చిన్నపిల్లలు గీసిన బొమ్మలా ఉంది, ఎవరిదో ఎలా తెలుస్తుంది అని కదా మీ ప్రశ్న. ఫొటోలో సగం అక్షరాలు నీడలో పోయాయి గానీ నాకైతే మొదటి ముగ్గురు ఎడ్వర్డ్ రాజుల్లో ఒకరి పెన్నీలాగే (అప్పటి చిన్న వెండి నాణెం) ఉందండీ.

ముందు ఆ ముఖాన్ని వదిలేయండి. నేను ఇంగ్లండ్‌కొచ్చి మెటల్ డిటెక్టర్ పట్టుకున్న కొత్తలో ఆరు నెలలు ముఖాలే చూస్తూ కూర్చున్నా, ఒక్కటీ సరిగ్గా చెప్పలేకపోయా. అప్పట్లో అచ్చు చెక్కినవాళ్లు రాజు పోలిక కోసం చెక్కలేదు. ఒక కిరీటం, రెండు పక్కలా జుట్టు, రెండు కళ్లు, అయిపోయింది. అంతెందుకు, 1180 నుంచి 1247 దాకా వచ్చిన పొట్టి సిలువ పెన్నీల మీద పేరును కూడా నమ్మలేం. మధ్యలో రిచర్డ్, జాన్ ఏలినా ఇంగ్లండ్‌లో హెన్రికస్ (అంటే హెన్రీ) అనే కొడుతూ పోయారు!

మీ దాంట్లో సిలువ చేతులు అంచుదాకా పోయాయి, అంటే 1247 తర్వాతది. అంచు కత్తిరించి వెండి దొంగిలించేవాళ్లు ఎక్కువై, కత్తిరిస్తే సిలువ కొస తెగినట్టు కనిపించాలని అలా పొడుగు చేశారు. ఇక సిలువ చేసిన నాలుగు గడుల్లో గడికి మూడేసి చుక్కలంటారా, అవి ఏడో హెన్రీ దాకా రెండు వందల ఏళ్లకు పైగా అలాగే నడిచాయి, కాబట్టి వాటితో పెద్దగా తేలదు.

తేల్చేవి అక్షరాలే. కిరీటం పైన చిన్న సిలువ గుర్తు ఉంటుంది, అక్కడ మొదలెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు చదవండి. మూడో హెన్రీదైతే వెనక వైపు నాణెం కొట్టించినవాడి పేరు, ఊరి పేరు ఉంటాయి, 'నికోల్ ఆన్ లుండ్' లాగా. 1279లో మొదటి ఎడ్వర్డ్ మనిషి పేరు తీసేయించి ఊరి పేరు మాత్రం ఉంచాడు. సిలువ చేతులు ఆ మాటల్ని నాలుగు ముక్కలు చేస్తాయి: సివి, టాస్, లోన్, డోన్. అంటే లండన్ నగరం. మీ ఫొటోలో కింద టి, ఏ, ఎస్ నాకు స్పష్టంగానే కనిపిస్తున్నాయి, అయితే కాంటర్‌బరీకి కూడా సివి, టాస్, కాన్, టోర్ అనే వేస్తారు కాబట్టి ఆ పక్క గడి చదివితే గానీ ఊరు చెప్పలేం.

ముందు వైపు ఈ, డి, డబ్ల్యూ తర్వాత ఒంటరిగా ఆర్ ఉంటే ఎక్కువగా మొదటి ఎడ్వర్డ్. డబ్ల్యూ తర్వాత ఏ కూడా ఉంటే అతని చివరి ఏళ్లో, రెండో ఎడ్వర్డో. ఎడ్వర్డస్ అని పూర్తిగా ఉంటే ఎక్కువగా మూడో ఎడ్వర్డ్. ఇది మోటు లెక్కే, మినహాయింపులు బోలెడు, కానీ మొదటి గంటలో ఇంతకంటే పనికొచ్చేది లేదు.

తర్వాత తూకం. బంగారం తూచే చిన్న కాటా ఉంటే చాలు. 1279 పెన్నీ 1.44 గ్రాములు, మన పాత తులం (11.66 గ్రాములు) లెక్కలో దాదాపు ఎనిమిదో వంతు. 1351లో 1.17కి, 1412లో 0.97కి, 1464లో 0.78కి దించేశారు. బొమ్మ అదే, వెండి మాత్రం దాదాపు సగమైపోయింది. కాబట్టి అంచు చెక్కుచెదరకుండా ఉండి 1 గ్రాము లోపే తూగితే నేను పైన చెప్పిన ఎడ్వర్డ్ మాట వెనక్కి తీసుకుంటా.

ఒక్క బతిమాలుడు, దాన్ని తోమకండి. నాకు దొరికిన మొదటి పెన్నీని ఇంట్లో వెండి కుందులు తోమినట్టు విభూతి పెట్టి తళతళలాడేలా రుద్దేశా. మా ఆవిడ కూడా బాగుందనే అంది. తీసుకెళ్లి ఒక నాణేల వ్యాపారికి చూపిస్తే లెన్స్ పెట్టుకుని చూసి, ఏం మాట్లాడకుండా నా చేతిలో పెట్టేశాడు. అక్షరాల చుట్టూ ఉన్న నల్లదనమే వాటిని కనిపించేలా చేస్తుందని, అది పోతే చదవడమే కష్టమని అప్పుడు తెలిసింది. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి వదిలేయండి, అంతే.

మీది కొన్నదే కాబట్టి గొడవ లేదు. రేపెప్పుడైనా పొలంలో మీకే దొరికితే మాత్రం, ఒకే చోట మూడు వందల ఏళ్లు దాటిన వెండి నాణేలు రెండు దొరికినా చట్టం ప్రకారం నిధి కిందే లెక్క, 14 రోజుల్లో చెప్పాలి.

ఈసారి ఫ్లాష్ ఆపేసి, టేబుల్ లైట్ పక్క నుంచి పడేలా పెట్టి రెండు వైపులా తీయండి, తూకం కూడా రాయండి. ఆ టాస్ పక్కన ఏముందో చూద్దాం.