ఓఆర్ఎస్‌లో ఉప్పు సరే, గ్లూకోజ్ ఎందుకు కలుపుతారు?

రుచి కోసమో, నీరసం తగ్గడానికో అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు: గ్లూకోజ్ తోడు లేకపోతే విరేచనాల సమయంలో ఆ ఉప్పు పేగు కణాల్లోకి సరిగా వెళ్లదు.

కణపొర ప్రధానంగా రెండు వరసల కొవ్వు అణువులు. ఆక్సిజన్ దాన్ని నేరుగా దాటేస్తుంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ దాటలేవు, పొరలోని ప్రొటీన్ల సాయం కావాలి. చిన్నపేగులో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ 2 సోడియం అయాన్లను, 1 గ్లూకోజ్ అణువును కలిపి లోపలికి తీసుకుంటుంది. కణానికి అవతలి వైపున్న పంపు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లను రక్తం వైపు తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అందుకే కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే, బయటి సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది. దాని వెనకే ద్రవాభిసరణ (ఉప్పు, చక్కెర ఎక్కువున్న వైపుకి పొర గుండా నీరు కదలడం) వల్ల నీళ్లూ వెళ్తాయి.

గొప్ప విషయమేమిటంటే, కలరాలో కూడా ఈ దారి పనిచేస్తుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే ఎందరినో బతికించారు.

చక్కెర మరీ ఎక్కువైతే మాత్రం నీళ్లు తిరిగి పేగులోకే వస్తాయి. కాబట్టి విరేచనాలకు కూల్‌డ్రింకులు ఇవ్వకండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపండి.