చెంబుతో నీళ్లు పోయాల్సింది మీరే కదమ్మా!

"నాకు 54 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణుకుతుంది, నవ్వినా మొహంలో కనపడదు. ఆడపడుచు పొగరంటుంది, పక్కింటివాళ్లు మతి తప్పిందంటారు. నలుగురిలో ఉంటే మావారు నా చెయ్యి గట్టిగా అదిమి పట్టుకుంటారు. వచ్చేవారం అమ్మాయికి పెళ్లిచూపులు. 'నువ్వు లోపలి గదిలోనే ఉండు, బీపీ అని చెబుతాను' అన్నారు. ఆ కాసేపు వణుకు ఆగేలా మందేదైనా ఉందా?"
– ఒక సోదరి, తెనాలి

మందు సంగతి మీ న్యూరాలజిస్టును అడగండి. సొంతంగా డోసు పెంచుకోకండి. నేను మాట్లాడాల్సింది మీ ఆయన గురించి.

ఈ జబ్బులో, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గడం వల్ల మొహంలో కదలిక తగ్గుతుంది. లోపల ఎంత సంతోషమున్నా పైకి రాదు. ఈ ముక్క మీ ఆయన తన చెల్లెలికి ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే పొగరన్న మాట మళ్లీ వచ్చేదా? కట్టుకున్నవాడే దాస్తుంటే, చెప్పుకోకూడని రోగమేదో ఉందనుకుంటారు చూసేవాళ్లు. చెయ్యి అదిమితే వణుకు ఆగదు. టెన్షన్‌కి ఇంకా ఎక్కువవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఈ జబ్బును పేరుపెట్టి రాశారు. మీ ఇంట్లో ఆ పేరెత్తడానికి సిగ్గెందుకు?

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమంటారు. ఆ సామెత నాకెప్పుడూ మింగుడుపడలేదు. రేపు పీటల మీద మీ ఆయన అల్లుడి కాళ్లు కడుగుతుంటే చెంబుతో నీళ్లు పోయాల్సింది మీరు. ఆ రోజు మిమ్మల్ని ఏ గదిలో దాస్తారు? మీ అమ్మాయి మాత్రం అత్తారింట్లో ఎన్నాళ్లని బీపీ కథ చెబుతుంది?

అసలు భయం, పిల్లకూ వస్తుందేమోనని మగపెళ్లివాళ్లు అనుకుంటారని. ఎక్కువమందిలో ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. మీ విషయంలో ఎలాగో డాక్టరునే అడిగి, మధ్యవర్తి ద్వారా ముందే చెప్పించండి. అది విని వెనక్కి తగ్గే సంబంధమైతే తగ్గనివ్వండి.

మీ మాత్ర బాగా పనిచేసే వేళకే వాళ్లను రమ్మనండి, మీరు హాయిగా మాట్లాడగలుగుతారు. కాఫీలు ఎవరో ఒకరు తెస్తారు. లోతు సోఫాలో కాకుండా, లేవడానికి వీలుగా చేతులున్న కుర్చీలో, మీ ఆయన పక్కనే కూర్చోండి.

అంతకంటే ముందు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బయట బండి దగ్గర నిలబడతానంటే ఒప్పుకోకండి. లోపల కూర్చుని, ఆయన అనుమానాలు ఆయన నోటితోనే అడగాలి.