హైబ్రిడ్ కారుకు 18 మైలేజీయేనా? నా కారులో 24 ఎలా వచ్చిందో చెబుతాను

మీ ప్రశ్న చదివాను. మీరు వనపర్తిలో ఉంటారు. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ కూడా ఉండే కారు) కొని మూడు నెలలైంది. వారానికి మూడుసార్లు కొత్తకోట మీదుగా మహబూబ్‌నగర్ వచ్చి పోతారు. కంపెనీ లీటరుకు 27.97 కిలోమీటర్లు అని చెప్పింది, మీకు 18 దాటడం లేదు. బండిలో లోపం ఉందా, మోసపోయానా అని అడిగారు.

మోసపోలేదు. నాది టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, 2023లో కొన్నాను, ఉండేది మహబూబ్‌నగర్‌లోనే. పేర్లు వేరైనా మీ బండిలో, నా బండిలో ఉన్నది ఒకే 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్, ఒకే మోటారు, ఒకే బ్యాటరీ. మొదటి నాలుగు నెలలు నాకూ 18, 19 మధ్యే వచ్చింది. సర్వీసుకు తీసుకెళ్లి అడిగితే "అందరికీ అంతే సార్, ఇంకో రెండు సర్వీసులు కానివ్వండి" అన్నారు. సర్వీసులు అయ్యాయి, మైలేజీ పెరగలేదు. ఇప్పుడు టౌన్‌లో 24, 25, హైవే మీద 22, 23 వస్తోంది. బండికి ఒక్క పార్టు మార్చలేదు. నేను తోలే పద్ధతి మార్చుకున్నాను.

నాకు దారి చూపింది మా మామ. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆర్టీసీలో మైలేజీ అనరు, కేఎంపీఎల్ అంటారు, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. ఏ డ్రైవర్‌కు ఎంత వచ్చిందో డిపోలో లెక్క ఉంటుంది. ఒకరోజు నా పక్కన కూర్చుని జడ్చర్ల దాకా వచ్చాడు. హైబ్రిడ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. దిగేటప్పుడు ఒకే మాట అన్నాడు: "అల్లుడూ, నువ్వు పదిహేను కిలోమీటర్లల్ల ముప్పై సార్లు బ్రేక్ తొక్కినవ్. అంత తొక్కేటోనివి ఎక్స్‌లేటర్ ఎందుకు ఇచ్చినవ్?"

ఆ మాట పట్టుకుని నేను బండిని అర్థం చేసుకోవడం మొదలుపెట్టాను. మనం ఎక్కువమంది పొరపాటు పడేది బ్యాటరీ విషయంలో. స్క్రీన్ మీద ఈవీ అని (అంటే ఇంజిన్ ఆగి కరెంటు మీదే నడుస్తోందని) పచ్చగా వెలిగితే పెట్రోలు మిగిలినట్టే అనుకుంటాం. మన బండికి ప్లగ్ లేదు. బ్యాటరీలోకి వచ్చే కరెంటు అంతా తిరిగి తిరిగి పెట్రోలు నుంచే వస్తుంది. పైగా ఆ బ్యాటరీ చాలా చిన్నది, 0.76 యూనిట్లు (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే). లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, ఇంజిన్ బాగా పనిచేసినప్పుడు అందులో 40 శాతం దాకా చక్రాలకు పనికొచ్చేలా మారుస్తుంది. అంటే మూడున్నర యూనిట్లు అనుకోండి. ఈ లెక్కన బ్యాటరీ మొత్తం నిండి ఉన్నా అది చేసే పని ఒక మంచినీళ్ల గ్లాసు పెట్రోలు చేసే పనితో సమానం. బండి బ్యాటరీని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు కాబట్టి మనకు నిజంగా అందేది టీ గ్లాసంత.

ఆ టీ గ్లాసు కోసం నేను నాలుగు నెలలు తిప్పలు పడ్డాను. ఇంజిన్ ఆన్ కాకూడదని మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాకా ఇరవై స్పీడులో పాకుతూ పోయేవాడిని. వెనక ఆటోవాళ్లు హారన్లు. బ్యాటరీ రెండు గీతలకు పడిపోగానే ఇంజిన్ లేచేది. ఇక సిగ్నల్ దగ్గర బండి నిలబడి ఉన్నా, ఛార్జింగ్ కోసమే ఇంజిన్ తిరుగుతూ ఉండేది. ఇంజిన్ కరెంటు పుట్టించి, దాన్ని బ్యాటరీలో దాచి, మళ్లీ మోటారుకు ఇచ్చే ప్రతి దశలో కొంత పోతుంది. నేరుగా చక్రానికి ఇస్తే ఆ నష్టం లేదు.

ఇప్పుడు చేసేది ఇది. కదిలేటప్పుడు భయపడకుండా ఎక్స్‌లేటర్ ఇస్తాను. పవర్ మీటరులో ముల్లు ఎకో భాగం చివరి దాకా వెళ్లినా ఫరవాలేదు, దాన్ని దాటి పవర్‌లోకి మాత్రం పోనివ్వను. ఇంజిన్ హాయిగా పనిచేసి బండిని 45, 50కి తెస్తుంది. అప్పుడు కాలు పూర్తిగా తీసేస్తాను. ఇంజిన్ ఆగిపోతుంది. వెంటనే చాలా తేలికగా, చెప్పు కింద గుడ్డు ఉన్నట్టు, మళ్లీ కాలు ఆనిస్తాను. ముల్లు సున్నాకు కాస్త పైన నిలబడుతుంది, బండి ఈవీలో జారుతూ పోతుంది. స్పీడు 38, 40కి వచ్చాక మళ్లీ ఇంజిన్. టౌన్‌లో మైలేజీ పెరగడంలో సగం వాటా ఈ ఒక్క అలవాటుదే. కాలికి పట్టుబడటానికి నాకు రెండు వారాలు పట్టింది.

మిగతా సగం మామ చెప్పిన బ్రేక్. హైబ్రిడ్‌లో బ్రేక్ తొక్కితే మోటారు డైనమోలా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, నిజమే. కానీ ఆ మోటారు, ఆ బ్యాటరీ ఒక్కసారిగా ఎంతయినా తీసుకోలేవు. గట్టిగా తొక్కితే మిగిలినదంతా మామూలు బ్రేక్ ప్యాడ్లలో వేడి అయిపోతుంది. అందుకే దూరం నుంచే మెత్తగా, ఎక్కువసేపు బ్రేక్ మీద కాలుంచాలి. అంతకన్నా మేలైనది, బ్రేక్ అవసరమే రాకుండా ముందు నుంచే కాలు తీసేయడం.

మన దిక్కు రోడ్లకు ఇది బాగా కలిసొస్తుంది. జడ్చర్ల నుంచి కల్వకుర్తి రోడ్డు ఎక్కారంటే ప్రతి ఊరికీ ముందు ఒక స్పీడ్ బ్రేకర్, ఊరు దాటాక ఇంకొకటి. సాయంత్రమైతే గొర్రెల మందలు ఇంటిదారి పడతాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. ఇవన్నీ రెండు, మూడు వందల మీటర్ల దూరం నుంచే కనబడతాయి. ఊరి బోర్డు కనబడగానే కాలు తీసేస్తే స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి బండి దానంతటదే ముప్పైకి వస్తుంది, ఆ దారంతా బ్యాటరీ నిండుతూ ఉంటుంది. గొర్రెలను చూశాక పది అడుగుల్లో ఆపితే వచ్చేది ఏమీ లేదు, కాపరి తిట్లు తప్ప. రాయికల్ టోల్‌గేటు దగ్గరా అంతే. ముందు వంద స్పీడులో వచ్చి క్యూ దగ్గర గట్టిగా ఆపేవాడిని. ఇప్పుడు టోల్ బోర్డు చూడగానే ఎడమ లైన్‌లోకి వచ్చి వదిలేస్తాను.

ఇక మీ అసలు సమస్య హైవే అని నా అనుమానం. కొత్తకోట నుంచి భూత్పూర్ దాకా 44వ నంబరు హైవే మీద ఎంత స్పీడు పోతున్నారో మీరు రాయలేదు. నేను 110లో పోయినప్పుడు 18 వచ్చింది, 85, 90 మధ్య పోయినప్పుడు 23 వచ్చింది. గాలి అడ్డుకునే బలం స్పీడు పెరిగినంతే పెరగదు, స్పీడును స్పీడుతో గుణించిన లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళితే ఆ బలం దాదాపు రెట్టింపు. హైబ్రిడ్‌కు హైవేలో వేరే ఇబ్బందీ ఉంది: బ్రేక్ పడదు కాబట్టి తిరిగి వచ్చే కరెంటు ఉండదు, ఇంజిన్ ఒక్కటే లాగాలి. హైబ్రిడ్ టౌన్‌లో ఎక్కువ, హైవేలో తక్కువ ఇస్తుందనేది మామూలు పెట్రోలు కారు నడిపినవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది, కానీ అది లోపం కాదు. కంపెనీ చెప్పే 27.97 కూడా ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ లేకుండా, ఎక్కడా 90 దాటకుండా నడిపి తీసిన లెక్క.

వనపర్తి నుంచి మహబూబ్‌నగర్‌కు 110 బదులు 90లో వస్తే మీకు మహా అయితే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మైలేజీ కోసం హైవే మీద కుడి లైన్‌లో 60లో పోవద్దు, లారీల ముందు అకస్మాత్తుగా కాలు తీయొద్దు. వెనక అద్దంలో ఎవరూ లేనప్పుడే జారుడు. ఇంకో మాట, మన దగ్గర హైవే చదునుగా ఉండదు, మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. క్రూజ్ కంట్రోల్ పెడితే ఎత్తు మీద కూడా అదే స్పీడు కావాలని ఇంజిన్‌ను గుంజుతుంది. కాలితోనే నడిపి, ఎత్తులో ఐదారు కిలోమీటర్లు తగ్గనిచ్చి, దిగుడులో మళ్లీ అందుకుంటే నాకు బాగా వచ్చింది.

ఘాట్ రోడ్డు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నాకు టెన్షన్ వచ్చింది. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు అడవి దాటి దోమలపెంట నుంచి డ్యామ్ వైపు దిగుతున్నాం. రెండు, మూడు కిలోమీటర్లకే బ్యాటరీ నిండిపోయింది. ఒక్కసారిగా ఇంజిన్ పెద్దగా మోగడం మొదలైంది. వెనక మా అమ్మ "బండికి ఏమైంది రా, ఆపు" అంటోంది. ఆపి మాన్యువల్ చదివాను. ఏమీ కాలేదు. బ్యాటరీలో చోటు లేనప్పుడు బండి తన ఇంజిన్‌నే పెట్రోలు లేకుండా తిప్పి వేగాన్ని అదుపు చేస్తుంది. బ్రేకులు వేడెక్కకుండా కాపాడే ఏర్పాటు అది. అలాంటి దిగుడులో గేరు బి లో (ఇంజిన్‌తోనే వేగాన్ని పట్టి ఉంచే గేరు) పెట్టుకోండి. మామూలు రోడ్డు మీద మాత్రం డి చాలు, బి పెడితే మైలేజీ పెరగదు. ఎన్ లో, అంటే న్యూట్రల్‌లో పెట్టి జారనివ్వడం అసలు చేయొద్దు. పాత బండ్ల అలవాటుతో మా తమ్ముడు అలా చేసేవాడు. ఎన్ లో బ్యాటరీ ఛార్జ్ కాదు, దిగుడులో ప్రమాదం కూడా.

ఎండాకాలం ఏసీ ఇంకో పెద్ద ఖర్చు. మన బండిలో ఏసీ కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది, అది తినేది ఆ టీ గ్లాసు బ్యాటరీనే. మే నెలలో బస్టాండు దగ్గర ఏసీ వేసుకుని పదిహేను నిమిషాలు ఎవరికోసమో కూర్చుంటే ఇంజిన్ మూడు నాలుగు సార్లు లేస్తుంది. ఇప్పుడు ఎండలో పెట్టిన బండి ఎక్కగానే నాలుగు అద్దాలు దించి అర కిలోమీటరు పోతాను, లోపలి వేడి బయటికి పోయాక ఏసీ 25లో పెడతాను. వేపచెట్టు నీడ దొరికితే రెండు వందల అడుగులు నడవాల్సి వచ్చినా అక్కడే ఆపుతాను.

చిన్న ట్రిప్పులు కూడా మైలేజీని తినేస్తాయి. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ వేడెక్కడం కోసం కాసేపు తిరగాల్సిందే. కూరగాయల మార్కెట్‌కు, స్కూలుకు, మందుల షాపుకు విడివిడిగా రెండేసి కిలోమీటర్లు తిప్పితే నాకు 13 చూపించిన రోజులున్నాయి. అవే పనులు ఒకే రౌండులో చేస్తే 20 దాటింది. మార్కెట్‌కైతే స్కూటీయే మేలు.

టైర్లలో గాలి నెలకు రెండుసార్లు చూసుకోండి, పొద్దున బండి కదలక ముందు, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెకు సరిపోయేలా. నా వెనక టైరులో ఒకసారి గాలి 24 పీఎస్‌ఐకి పడిపోయి ఉంది, కంటికి తేడా తెలియలేదు. ఎండలో తిరిగి వచ్చాక ఎక్కువ చూపిస్తోందని గాలి తీయించకండి, చల్లారాక అది తక్కువైపోతుంది. అలాగే హైబ్రిడ్ బ్యాటరీ చల్లబడటానికి లోపలి నుంచి గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది, మీ మాన్యువల్‌లో అదెక్కడుందో చూసి, దాని మీద బియ్యం సంచులు, దుప్పట్లు పెట్టకండి. మన మట్టిరోడ్ల దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. దానివల్ల పోయే కొంత మైలేజీని ఏ డ్రైవింగూ తిరిగి తేలేదు, అంతవరకు ఒప్పుకోవాల్సిందే.

లెక్క మాత్రం స్క్రీన్ మీద కాకుండా ట్యాంకుతో కట్టండి. ఒకే బంకులో, పంపు దానంతటదే ఆగేదాకా కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ అక్కడే అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. నా బండిలో స్క్రీన్ ఒకటి, ఒకటిన్నర ఎక్కువ చెబుతుంది. ముందు ఒక ట్యాంకు ఇప్పటిలాగే తోలండి, తర్వాత రెండు ట్యాంకులు హైవేలో 90 దాటకుండా, టౌన్‌లో పైన చెప్పినట్టు తోలండి. అప్పటికీ 21 రాకపోతే సర్వీసుకు తీసుకెళ్లి వీల్ అలైన్‌మెంటు, బ్రేకులు ఎక్కడైనా పట్టుకుంటున్నాయా అన్నది మీ కళ్ల ముందు చూపించమనండి. ఆ మూడు ట్యాంకుల అంకెలు ఇక్కడే రాయండి, నేను చూసి చెబుతాను.